‘శాంతములేక’ కీర్తన – ఒక పరిశీలన

త్యాగరాజస్వామి వారి కీర్తనలలో ‘శాంతములేక’ చాలా చిన్నది. దీనిని ఒక నీతివాక్యముగా భావించి, ‘డబ్బుతో సుఖము రాదు’ అన్నదే దాని సారమని చెప్పి ఊరుకునేవారు మనలో అనేకులు. ఆ మాట తప్పు కాదు గాని చాలదు. కీర్తన చెప్పినది అంతకంటె కఠినమైన మాట. దానిని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

త్యాగరాజు 1767లో తిరువారూరులో జన్మించి, కావేరీ తీరాన తిరువయ్యారులో జీవించి, 1847లో సిద్ధి పొందారు. ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వులు తెలుగు సీమ నుండి తమిళ దేశానికి వలస వెళ్ళినవారు. చుట్టూ వేరొక భాష వినబడుతున్నా ఇంటి తెలుగులోనే పాడుకున్న మహనీయుడు కనుక మనకు మరింత దగ్గరివాడు. మారిషస్‌కు ఒప్పందపు కూలీలను తేవడం 1834లో మొదలైంది. అంటే ఆయన జీవించి ఉన్న కాలములోనే మన పెద్దలు కొందరు కోరంగి రేవులో ఓడ ఎక్కారు. ఈ దీవిలో మనవారికి ‘కోరంగీలు’ అన్న పేరు ఆ రేవును బట్టే వచ్చింది.

ఇక కీర్తన సంగతి. శాంతము లేనిదే సుఖము లేదని పల్లవిలోనే చెప్పేశారు. ఇంద్రియాలను అణచినవానికైనా, వేదాంతికైనా ఇదే గతి అని అనుపల్లవి. చరణాలలో ఒక జాబితా వస్తుంది. భార్యాబిడ్డలు, ధనము, ధాన్యము మొదట వస్తాయి. ఇవి చాలవని ఏ పురాణము చెప్పినా చెబుతుంది; వినేవారికి ఆశ్చర్యము కలగదు. కాని అదే చరణములో, వాటి ప్రక్కనే, జపతపాలు కూడ వచ్చి కూర్చున్నాయి. పైగా వాటిని ‘సంపద’ అన్నారు. కొట్టులో ధాన్యము ఎటువంటిదో, లెక్క పెట్టుకున్న జపమూ అటువంటిదే అన్నమాట. ఆ తరువాత శాస్త్రాల చదువు, యాగాలు వస్తాయి. చిట్టచివర ‘భాగవతుడు’ అన్న మంచిపేరు.

ఈ వరుసలోనే కీర్తన బలమున్నది. ఇంటిలోని ఆస్తితో మొదలై, లోకములో భక్తుడన్న కీర్తితో ముగిసింది. ధనాన్ని వదిలినవాడు కూడ ఆ కీర్తిని వదలలేడు. అది ఇంకొకరికి తగిలించిన మాట కాదు. త్యాగరాజస్వామి స్వయముగా జపము చేసినవారు, భాగవతులని పేరు పొందినవారు. తన గుంపునే, తనను కూడ కలుపుకొని ప్రశ్నించారు. ఆఖరి చరణములో ‘తనకు’ అనే చిన్న మాట ఒకటి పడుతుంది. పైన చెప్పినవన్నీ పదిమందికి కనబడేవి. శాంతము మాత్రము తనకు ఉన్నదో లేదో తానొక్కడే ఎరుగును.

మరి ఆ శాంతము ఎట్లు కలుగుతుంది? సాహిత్యములో దీనికి జవాబు లేదు. ఉపాయము చెప్పకుండా లోపము మాత్రమే చూపినారని కొందరు అనవచ్చు. నా అభిప్రాయములో ఆ పని సంగీతము చేస్తుంది. కీర్తన శ్యామ రాగము, ఆది తాళము. ఈ రాగము హరికాంభోజి జన్యము; ఇందులో నిషాదము లేదు. ఆరోహణలో గాంధారము కూడ లేదు. స్వరాలు తక్కువ, నడక నెమ్మది. తొందర లేకుండా పాడినప్పుడు ఊపిరి నెమ్మదిస్తుంది, మనసు ఒకచోట నిలుస్తుంది. పాడటమే ధ్యానమవుతుంది. దీనినే భజన చివర అందరూ లేచిపోయే వేళ, మైకు ముందు గబగబా ముగించినప్పుడు, చెప్పినదొకటి, చేసినదొకటి అవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. దానిని దాచిపెట్టడం న్యాయము కాదు. తొలి ఒప్పందాలలో మగవారికి నెలకు 5 రూపాయల జీతము. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతము కోసేవారు. అటువంటి కూలీల మనుమలకు ‘శాంతముంటే చాలు’ అని చెప్పడం దొరల పక్షాన మాట్లాడటం కాదా? ఈ ప్రశ్న వేసే యువకులను కోప్పడరాదు. కాని కీర్తనను సరిగా చదవండి. ‘ఉన్నా, కలిగినా, చదివినా, చేసినా’ అన్న ధోరణిలోనే, ఆఖరిది తప్ప, ప్రతి చరణమూ నడుస్తుంది. అంటే ఉన్నవానిని గూర్చి పలికిన మాటలు. ఆకలితో ఉన్నవానిని ఓర్చుకొమ్మని ఇందులో ఎక్కడా లేదు. కూలి అడగడం ఒకటి, కూలి వచ్చిన తరువాత కూడ తీరని వెలితి ఇంకొకటి. ఈ కీర్తన రెండవదానికే మందు.

ఒక లోపము మాత్రము ఒప్పుకోవాలి. భార్యను ధనధాన్యాలతో కలిపి లెక్క వేయడం ఈనాటి స్త్రీకి రుచించదు. మన భజనలలో పాడేవారిలో ఆడపడుచులు ఎందరో. ఆ చరణము వారి నోట వచ్చేటప్పుడు, ఇది పురుషుడు తన ఇంటిని చూసుకొని చెప్పుకున్న మాట అని వివరించడం పెద్దల బాధ్యత.

ఈ కాలములో కీర్తన అవసరము తగ్గలేదు, పెరిగింది. మన పిల్లలు డాక్టర్లు, లాయర్లు, అధికారులు అయినారు; అందుకు సంతోషించవలసినదే. అయినా ఇంటింటా నిద్ర పట్టనివారు ఉన్నారు. వారికోసము ధ్యానము కూడ అమ్మకానికి వచ్చింది. ఫోనులో ఈరోజు ఎన్ని నిమిషాలు కూర్చున్నాము, వరుసగా ఎన్ని రోజులు కూర్చున్నాము అని లెక్క చూపుతుంది. ప్రక్కవారికి చూపించుకోవడానికి అది పనికివస్తుంది. త్యాగరాజస్వామి జపతపాలను సంపద అన్నది దీనిని గురించే అనిపిస్తుంది. గుడిలో దాతల పలకమీద మన పేరు ఏ వరుసలో ఉన్నదో చూసుకోవడమూ ఈ కోవలోనిదే.

కావున భజన బృందాల పెద్దలకు ఒక మనవి. రోమన్ లిపిలో వ్రాసుకొని పాడే పిల్లలకు ముందు చరణాల అర్థము చెప్పండి. తరువాత నెమ్మదిగా పాడించండి. పాట అయిన వెంటనే చప్పట్లు, ప్రకటనలు వద్దు. ఐదు నిమిషాలు అందరూ మౌనముగా కూర్చోండి. ఆ ఐదు నిమిషాలలో ఎవరికి ఏమి కలిగిందో అడగవద్దు.