నార్త్ షోర్ కొండబాటలు

కెనడాలోని వాంకూవర్‌కు ఉత్తరాన ఫ్రోమ్, సీమోర్, సైప్రస్ కొండల అడవుల్లో సైకిళ్లు దూసుకుదిగే బాటలు చాలావరకు స్థానికులు పారా గునపం పట్టి వేసుకున్నవే. 1980లలోనే మొదలైన ఈ పనికి, 1997లో ఏర్పడిన నార్త్ షోర్ మౌంటెన్ బైక్ అసోసియేషన్ ఒక క్రమం తెచ్చింది.

అక్కడ శరత్కాలం నుంచి వసంతం దాకా వానలే. బాటను చెడగొట్టేది సైకిల్ చక్రం కన్నా ఆ నీరే. అందుకే ముందు ఆకులూ వేళ్లూ కుళ్లి ఏర్పడిన పైమట్టిని పూర్తిగా తోడేస్తారు. అది నీళ్లు పీల్చి బురదవుతుంది. అడుగున రాళ్లు పేర్చి, దగ్గరి గోతుల్లో లోతుగా తవ్వి తీసిన గట్టిమట్టిని బకెట్లతో మోసుకొచ్చి పోసి, దిమ్మిస కొడతారు. నీరు బాట వెంట పారకుండా అక్కడక్కడా పక్కకు వాలు పెడతారు. మలుపుల్లో బయటి అంచును ఎత్తుగా కడతారు.

చిత్తడి నేలలపై త్వరగా పుచ్చని సెడార్ చెక్కతో కట్టిన నిచ్చెనల్లాంటి వంతెనలు ఈ కొండలకు ప్రపంచఖ్యాతి తెచ్చాయి. ఆ ఖ్యాతి న్యాయమైనదే. కానీ ఎవరి కంటా పడని ఆ వాలులోనే అంతకు మించిన పనితనం ఉంది. వాలు సరిగ్గా కుదిరిన బాట కుండపోతలోనూ కోసుకుపోదు. నీరు పక్కకు పోయే కాలువల్లో పేరుకున్న ఆకులను మాత్రం స్వచ్ఛంద కార్యకర్తలు మళ్లీ మళ్లీ తీస్తూనే ఉండాలి.