పరిగె వదిలిన చేను

రేణిగుంట అంటే బయటివాళ్లకు రైలు మారే జంక్షన్, లేదంటే తిరుపతి విమానాశ్రయం. ఈమధ్య సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలూ వచ్చాయి. పట్టాలు దాటి కాస్త లోపలికి పోతే ఎర్రనేలలు కనబడతాయి, దసరా నాటికి పండుబారిన చెనక్కాయ చేలూ కనబడతాయి. పుస్తకాల్లో దీన్ని వేరుశనగ అంటారు. ఇక్కడ ఇంట్లో ఆ మాట పలకరు.

శరత్తు అనగానే కవులకు తెల్లమబ్బులు, వెన్నెల గుర్తొస్తాయి. మా వైపు శరత్తులో మబ్బు నల్లగానే ఉంటుంది. నైరుతి వెనక్కి తిరిగే వేళకు ఈశాన్య రుతుపవనం ఇక్కడ మొదలవుతుంది. పంట చేతికొచ్చేదీ వాన ముంచుకొచ్చేదీ ఒకే కార్తెల్లో: చిత్త, స్వాతి, విశాఖ. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎట్లా పొంగిందో చూసినవాళ్లు ఈ నెలల్లో ఆకాశం వైపు చూడకుండా నిద్రపోరు. ఇక్కడి పండగల్లో కొంచెం భయం కూడా ఉంటుంది. నాకైతే ఆ భయం వల్లే వాటి మీద గురి కుదిరింది.

ఆయుధపూజ నాడు మొదట మొక్కేది పనిముట్లకే. తొలిక, కొడవలి, పార, మడక అన్నీ కడిగి విభూతి పూసి, కుంకుమ బొట్లు పెడతారు. బొరుగులు, పుట్నాలపప్పు, బెల్లం కలిపి ఎవరొచ్చినా దోసిట్లో పోస్తారు. మడకను ట్రాక్టరు అటకెక్కించిన ఇంట్లో ఆ బొట్టు ట్రాక్టరుకే పడుతుంది. ఏడాదంతా బురదలో పడేసిన తొలికను ఆ ఒక్కరోజు పీట మీద కూర్చోబెట్టడం నాకు భలే నచ్చుతుంది.

తరవాత పెరికే పని. ఎప్పుడు పెరకాలన్నదే అసలు విద్య. నాలుగు మూలలా నాలుగు చెట్లు పీకి, కాయ ఒలిచి తొక్క లోపలి వైపు చూస్తారు. అది నల్లబారితే కాయ ముదిరినట్టు, తెల్లగా ఉంటే ఇంకా ఆగాలి. ఆగితే ఇంకో చిక్కు. గుత్తిరకాల్లో చాలావాటి గింజకు నిద్రావస్థ లేదు. ముదిరిన కాయ మీద వాన పడితే నేలలోనే మొలకెత్తుతుంది. ముందు పెరికితే తాలు, ఆలస్యమైతే మొలక.

పెరికిన చెట్లను కాయలు పైకి, ఆకు కిందికి వచ్చేట్టు బోర్లించి రెండు మూడు రోజులు సాలు మీదే ఎండనిస్తారు. కాయలు కోశాక కళ్లంలో పలచగా పరుస్తారు. చేత్తో ఊపితే లోపల గింజ గలగలమనాలి. తడి ఉండగా మూట కడితే పచ్చబూజు పడుతుంది. ఆ బూజు వదిలే విషం మనుషులకే కాదు, పశువులకూ చేటు.

విత్తనానికి తీసేది వేరే కుప్ప. రాగులైతే ఎకరాకు 4 కిలోలు చాలు. చెనక్కాయలకు 60, 70 కిలోల పప్పు కావాలి. అంటే ఏడెనిమిది నెలల పాటు ధర ఎంత పలికినా అమ్మకుండా, పిల్లలు ఎంత అడిగినా వేయించకుండా ఆ మూటలను కాపాడాలి. పప్పుగా దాస్తే మొలక శక్తి తొందరగా పోతుంది కాబట్టి కాయగానే ఉంచుతారు. గోడ తగలకుండా చెక్కల మీద గోనె మూటలు పేర్చి, మధ్యమధ్య వేపాకు వేస్తారు. చింతకాయను తొలిచే పురుగే చెనక్కాయనూ తొలుస్తుంది. అందుకని నీడ బాగుంది కదా అని చింతచెట్టు కింద ఆరబోస్తే తెచ్చి పెట్టుకున్నట్టే. ఒలిచేది విత్తే ముందే, అదీ చేత్తోనే. మరలో వేస్తే పొర చిట్లుతుంది. తిరుపతి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నారాయణి, ధరణి లాంటి రకాలైనా ఇంటికి చేరాక బతికేది ఈ ఓపిక మీదే.

కాయ పోగా మిగిలిన చెనక్కట్టె వామి వేస్తే పాడి పశువులకు ఎండాకాలం గడుస్తుంది. నూనె తీసిన చెక్క వాటి తొట్టిలోకే పోతుంది. తొక్క పొయ్యిలోకి. మనుషుల వాటా ఊరుబిండి. వేయించిన గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, ఎర్రగడ్డ రోట్లో బరకగా నూరి, వేడి రాగిసంగటిలో గుంట చేసి పెట్టుకోవాలి. మిక్సీలో మెత్తగా తిప్పింది తిన్నాను. అది పచ్చడే, ఊరుబిండి కాదు.

కాయలు కోసే ఆడవాళ్లు పొద్దుగూకి ఇంటికి పోయేటప్పుడు కొంగులో నాలుగు గుప్పిళ్లు కట్టుకుపోతారు. కూలి లెక్కలో దాన్ని కలపరు. చేను ఖాళీ అయ్యాక పరిగె ఏరేవాళ్లు వస్తారు. తెగి నేలలో ఉండిపోయిన కాయలు ఏరుకున్నవాళ్లవే. యజమాని మళ్లీ దున్ని ఏరించుకోవచ్చు గానీ, అట్లా చేస్తే ఊళ్లో చులకనైపోతాడు. ధన్యవాదాలు అనే మాట ఈ చేలల్లో నేను ఎన్నడూ వినలేదు. పరిగెకు వచ్చిన ముసలామె కూడా ఆ మాట అనలేదు. బుట్ట నిండాక గట్టు మీద కూర్చుని ఒక కాయ చిదిమి, తొక్క లోపలి వైపు చూసింది. నల్లగా ఉంది. గింజ నోట్లో వేసుకుని, ఈసారి కాయ బాగా ముదిరిందని యజమానికే చెప్పింది.