నరం దొరకని చేయి

"పిడికిలి బిగించండమ్మా... ఇంకాస్త... ఊహూఁ, నరం దొరకట్లేదు."

ఈ మాట విన్నప్పుడల్లా నేనేదో తప్పు చేసినట్టుండేది. ఉన్న నరాన్ని నేనే ఎక్కడో దాచిపెట్టి ఇవ్వనంటున్నట్టు. నర్సమ్మ మణికట్టు మీద రెండు వేళ్లతో తట్టేది. రబ్బరు పట్టీ విప్పి మళ్లీ కట్టేది. చేతిని కిందికి వేలాడేయమనేది, వేడినీళ్ల గుడ్డ చుట్టమనేది. సూది లోపలికి పోయి, చర్మం కింద అటూ ఇటూ వెతికి, ఉత్త చేతులతో బయటికొచ్చేది. "దూది గట్టిగా అదిమి పట్టుకోండి" అని ఇంకో చోట మొదలుపెట్టేది.

వైద్యుల పుస్తకాల్లో దాని పేరు సిర. ఖమ్మం జిల్లాలోని మా కల్లూరులో సిర అంటే ఎవరికీ అర్థం కాదు. రక్తం పారేదల్లా మాకు నరమే. నీరసంగా ఉందంటే ఆరెంపీ దగ్గరికెళ్లి 'ఓ బాటిల్ ఎక్కించండి' అనడం మా వైపు మామూలు. నాట్లు అయ్యాక ఒకటి, మిరపకోతలప్పుడు ఒకటి, జ్వరం తగ్గాక బలానికని మరొకటి. ఆ బాటిళ్లకు ఖర్చు పెట్టిన నరాలు ఒకనాటి అసలు అవసరానికి మిగలవేమోనన్న ఆలోచన ఎవరికీ రాదు. నాకూ రాలేదు.

నాలుగేళ్ల కిందట ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు కూడా తీశారు కాబట్టి ఆ చేతికి ఇక సూది గుచ్చొద్దన్నారు. మిగిలింది కుడిచెయ్యి ఒక్కటే. ఇరవై ఎనిమిదేళ్లు నల్లబల్ల మీద సుద్దముక్క పట్టిన చెయ్యి. ఎనిమిది విడతల కీమో మొత్తం దాని మీదుగానే పోవాలి.

కీమో వార్డులో అందరికీ తెలిసిన మందు ఒకటుంది. అసలు పేరు డాక్సోరుబిసిన్. మేం 'ఎర్రమందు' అనేవాళ్లం. చూడ్డానికి రస్నా నీళ్లలా ఉంటుంది. నరంలో ఉన్నంతసేపే అది మందు, నరం దాటి కండలోకి కారితే నిప్పు. మూడో విడతలో నాకదే జరిగింది. సూది చోట మంట పుడుతోందని చెప్పాను. "మందు వెళ్తోంది కదమ్మా, అలాగే ఉంటుంది" అన్నారు. రెండోసారి చెప్పడానికి మొహమాటపడ్డాను. అప్పుడు పడిన నల్లటి మచ్చ మణికట్టు పైన ఇప్పటికీ ఉంది. పిల్లలకు జీవితమంతా 'అర్థం కాకపోతే మళ్లీ అడగండ్రా' అని చెప్పినదాన్ని, నా చేతి గురించి రెండోసారి నోరు విప్పలేకపోయాను.

ఆ తర్వాతే పోర్ట్ అనే మాట నా చెవిన పడింది. ఛాతీ మీద చర్మం కింద రూపాయి బిళ్లంత చిన్న డబ్బీ పెడతారు, దానికి తగిలించిన సన్నటి గొట్టం మెడ దగ్గరి పెద్ద నరంలోంచి గుండె గుమ్మం దాకా వెళ్తుంది. ఇక చేతికి సూదులుండవు. ఇంత మంచి సంగతి మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెయ్యి బాగానే ఉంది కదా అనుకున్నాం" అన్నారు. చెయ్యి బాగున్నప్పుడు చెప్పాల్సిన మాటను చెయ్యి పాడయ్యాక చెప్పడం ఒక్క నా విషయంలోనే జరిగింది కాదని వార్డులో నలుగురితో మాట్లాడాక తెలిసింది.

నాకు మాత్రం భయమేసింది. గుండె దాకా గొట్టమా? నా పక్క మంచం మీద పెనుబల్లి వైపు రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన జబ్బకు పిక్ లైన్ ఉంది. అదీ ఇలాంటిదే, కాకపోతే మోచేతి పైనుంచి లోపలికి వెళ్తుంది, కొస బయటే వేలాడుతూ ఉంటుంది. నా భయం చూసి నవ్వాడు.

"ఏముందమ్మా ఇందులో? నువ్వు సాగర్ కాలవ చూళ్ళేదా? మందు డబ్బా తీస్కెళ్లి పిల్లకాలవలో పోస్తే గట్టు మీది గడ్డి గూడా మాడిపోద్ది. అదే పెద్ద కాలవ, మేజర్లో పోస్తే? నీళ్లల్లో కలిసి కొట్టుకుపోద్ది. నీ చేతి నరం పిల్లకాలవ. వీళ్లు మేజర్‌కి తూము పెడతన్నారు, అంతే."

సాగర్ ఎడమకాలువ కింద వ్యవసాయం చేసినవాడికి తప్ప ఆ పోలిక తట్టదు. డాక్టరుగారు తర్వాత చెప్పిందీ అదే, అంకెలతో. గొట్టం కొస ఉండే చోట, గుండెకు చేరే పెద్ద నరంలో నిమిషానికి దాదాపు 2 లీటర్ల రక్తం పారుతుంది. ముంజేతి నరంలో పారేది మిల్లీలీటర్లలో కొలవాల్సినంతే. ఎంత ఘాటు మందైనా అంత రక్తంలో పడితే నరం గోడను కాల్చేలోపే పల్చబడిపోతుంది.

పోర్ట్ పెట్టిన రోజు గురించి చాలామంది అడుగుతారు. మత్తు ఆ చోటుకే ఇస్తారు, మెలకువగానే ఉంటాం. తల ఎడమవైపు తిప్పమన్నారు. మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మెడ మీద చల్లటి జెల్ రాసి, స్కానింగ్ యంత్రంతో నరాన్ని చూస్తూ సూది వేశారు. నొప్పి అనలేను. ఎవరో చర్మం కింద జేబు కుడుతున్నట్టు లాగడం, నొక్కడం, మళ్లీ లాగడం. గొట్టం లోపలికి జారుతున్నప్పుడు గుండె ఒక్కసారి తడబడినట్టయింది, పక్కనున్న యంత్రం కూత మారింది. "ఏం కాదు, కొంచెం వెనక్కి తీస్తున్నా" అన్న గొంతు గుడ్డ అవతలి నుంచి వినిపించింది. మొహం కనిపించని ఆ మనిషి, ఏం చేస్తున్నాడో ముందే చెబుతూ పోవడమే ఆ గంటలో నాకు దక్కిన ధైర్యం.

ఈ విద్యకు మూలపురుషుడనదగ్గ ఆయన కథ తర్వాత చదివాను. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె ఊరి ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే కుర్ర డాక్టరు, చేతి నరంలోంచి గుండె దాకా గొట్టం పంపొచ్చని నమ్మాడు. పైవాళ్లు వద్దన్నారు. పనిముట్లు నర్సు అదుపులో ఉంటాయి కాబట్టి ఆమెను ఒప్పించాడు. "అయితే నా మీదే చెయ్యండి" అందామె. సరేనని ఆమెను బల్లకు కట్టేసి, గుట్టుగా తన చేతినే కోసుకుని 65 సెంటీమీటర్ల గొట్టం తోసుకున్నాడు. గొట్టం అలా ఉండగానే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి, కొస గుండెలో ఉన్న ఫొటో తీయించుకున్నాడు. చీవాట్లు అప్పుడే పడ్డాయి, నోబెల్ బహుమతి మాత్రం 1956లో వచ్చింది. నాకు ఆ కథలో నచ్చింది ఆయన తెగింపు కాదు. రోగిగా తానే పడుకుని చూశాడు. మంట పుడుతోందని చెబితే నమ్మని డాక్టరు మాత్రం ఆయన కాడు.

పెట్టడం గంట పని. ఉంచుకోవడం నెలల పని. రెండో సంగతి ఎవరూ చెప్పరు.

పోర్ట్ పైకి కనిపించదు, మానాక హాయిగా స్నానం చెయ్యొచ్చు. కానీ పుస్తెలతాడు సరిగ్గా ఆ బొడిపె మీదే ఒరుసుకునేది. కారులో బెల్టు పెట్టుకుంటే ఒత్తుకునేది. అక్కున చేర్చుకున్న మనవరాలు "నానమ్మా, ఇక్కడ గోళీ ఉంది" అంది. నెలకల్లా ఒంట్లో భాగమైపోయింది.

పిక్ లైన్ వాళ్ల కష్టం వేరు. దమ్మపేట వైపు పామాయిల్ తోటల్లో పనిచేసే అమ్మాయి ఒకతె నాతోపాటు మందు ఎక్కించుకునేది. ఆ చేత్తో బరువెత్తొద్దన్నారు. బిందె ఎత్తకుండా, రెండేళ్ల పిల్లాణ్ణి చంకనేసుకోకుండా ఎలాగని ఆమె ప్రశ్న. స్నానానికి జబ్బ చుట్టూ పాలిథిన్ కవరు చుట్టి రెండు వైపులా రబ్బరు బ్యాండ్లు వేసుకునేది. వారానికోసారి మార్చాల్సిన పట్టీ మా మే నెల చెమటకు మూడో రోజే ఊడొచ్చేది. 2021లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. వెయ్యిమందికి పైగా క్యాన్సర్ రోగుల్లో పోర్ట్, పిక్ లైన్ సహా మూడు రకాల గొట్టాలను పోల్చి, పోర్ట్‌తోనే ఇక్కట్లు తక్కువని తేల్చారు. ఆ అమ్మాయి బిందె సంగతి ఆ లెక్కల్లోకి రాకపోయినా, తీర్పు మాత్రం ఆమె వైపే ఉంది. కానీ పోర్ట్ ఖరీదు వేలల్లో ఉంటుంది.

ఇక దూరం. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే అయినా, బంజారాహిల్స్‌లోని బసవతారకం అయినా, ఇంకో ఆసుపత్రయినా, మాకు క్యాన్సర్ అంటే హైదరాబాద్ బస్సే. తల్లాడ, వైరా, ఖమ్మం, సూర్యాపేట దాటి రెండొందల కిలోమీటర్ల పైమాట. మందు అయిపోయాక కూడా పోర్ట్‌ను నాలుగు వారాలకోసారి కడగాలన్నారు. పని పది నిమిషాలు, ప్రయాణం రానూపోనూ ఒక రాత్రీ ఒక పగలూ. దగ్గర్లో ఎవరైనా చేస్తారేమోనని తిరిగాను. "అది మేం ముట్టుకోమండీ" అన్నారు. తెలియని పని ముట్టుకోనన్నవాళ్లను తప్పు పట్టను. ముట్టుకున్నవాళ్లతోనే అసలు ప్రమాదం.

ఆ దమ్మపేట అమ్మాయికి ఒకరోజు లైన్ కడిగించుకున్న అరగంటకు వణుకుతో చలిజ్వరం వచ్చింది. భద్రాచలం ఏజెన్సీ గాలి తగిలే ఊళ్లలో చలీ వణుకూ అంటే ఎవరికైనా ముందు తోచేది మలేరియానే. మాత్రలిచ్చారు. తగ్గింది. మళ్లీ కడిగారు, మళ్లీ అరగంటకే వణుకు. అప్పుడు ఆమే అంది: "ఇది దోమ జరం కాదు. గొట్టం కడిగినప్పుడే వస్తోంది." నిజమే, గొట్టంలో చీము సూక్ష్మజీవులు చేరాయి. కడిగిన ప్రతిసారీ అవి నేరుగా గుండె గుమ్మంలోకి పోతున్నాయి. లైన్ తీసేశారు, పిల్ల బతికింది. ఏ పరీక్షా చెప్పకముందే రోగాన్ని కనిపెట్టింది ఏడో తరగతి చదివిన కూలిమనిషి.

మందు కనిపెట్టినవాళ్ల పేర్లు మనం చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ రక్తక్యాన్సర్ పిల్లలకు ఎక్కుతోంది. ఆ మందు వెళ్లే దారిని కడిగే చేతుల పేర్లు మాత్రం ఎవరూ రాసుకోరు. ఆ పని ఎంత సున్నితమో దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. మా వార్డులో ఒక కేరళ నర్సమ్మ ఉండేది. గొట్టం మూతిని స్పిరిట్ దూదితో పదిహేను దాకా లెక్కపెడుతూ రుద్దేది, ఆరేదాకా ఆగేది, ఊదేది కాదు. పోర్ట్‌కు కొస వంచిన సూది వాడేది. మామూలు సూదయితే డబ్బీ మీది రబ్బరు బిళ్లను తొలిచేస్తుందట. పది మిల్లీ సిరంజి తప్ప చిన్నది పట్టేది కాదు. చిన్న సిరంజిలోనే ఒత్తిడి ఎక్కువ, గొట్టం చీలిపోవచ్చు. ముందు కాస్త లాగి రక్తం వస్తోందో లేదో చూసేది. రాకపోతే "చెయ్యి ఎత్తు, దగ్గు, మెడ తిప్పు" అనేది. తర్వాత ఉప్పునీళ్లు తోసి ఆపి, తోసి ఆపి. ధారగా పోస్తే సీసా అడుగు కడగదు, కుదిపి కుదిపి పోస్తేనే మడ్డి వదులుతుంది. అదే కిటుకు. ఆ నీళ్లు లోపలికెళ్లిన క్షణంలోనే నాలుక మీద ఉప్పగా తగిలేది. నోట్లో ఏమీ పోయకుండానే రుచి! మొదటిసారి కంగారుపడితే, "వచ్చిందా రుచి? అయితే లైన్ బాగుంది" అని నవ్వింది.

ఆమె చెప్పినవన్నీ ఒక రాత్రి కూర్చుని తెలుగులో రాశాను. ఆసుపత్రివాళ్లిచ్చిన చిన్న పుస్తకం ఇంగ్లిషులో ఉంది. నేను రాసింది ఒక్క పేజీ, పదో తరగతి పిల్లలకు రాసినంత పెద్దక్షరాలతో. 'ఈ చేతికి బీపీ పట్టీ కట్టకండి. పది మిల్లీ కంటే చిన్న సిరంజి వాడకండి. మూతి రుద్ది, ఆరనిచ్చి, అప్పుడే తగిలించండి. రక్తం వెనక్కి రాకపోతే బలంగా తోయకండి. మంట పుడుతోందంటే వెంటనే ఆపండి. కడిగాక చలిజ్వరం వస్తే గొట్టాన్ని అనుమానించండి, పెద్దాసుపత్రికి పంపండి.' కల్లూరు సెంటర్లో జిరాక్స్ తీయించి వార్డులో పంచాను. ఖమ్మం, సత్తుపల్లి, భద్రాచలం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక్కో నర్సుకు ఈ పని నేర్పిస్తే నా కాగితంతో పనే ఉండదు. అందాకా అది రోగి సంచిలో ఉండాల్సిందే.

ఆ పెనుబల్లి రైతుకు కళ్లద్దాలు లేవు, అక్షరాలు అంతంత మాత్రం. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆఖరిసారి చూసినప్పుడు కొత్తగా వచ్చిన నర్సు పిల్ల ఆయన దగ్గరికి ట్రే పట్టుకొచ్చింది. ట్రేలో రెండు మిల్లీ సిరంజి. ఆయన దుప్పట్లోంచి చెయ్యి బయటికి తియ్యలేదు. జేబులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"ముందు ఇది చదువు బిడ్డా. నాగ్గూడా వినపడేట్టు."