రెండో అంకె

2016 జూలైలో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఒకే రోజున ఇద్దరికి చోటు దక్కింది. ఒకరు కెన్ గ్రిఫీ జూనియర్. జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1987లో అందరికంటే ముందు పిలిచిన పేరు అతనిదే. రెండోవారు మైక్ పియాజా. 1988 డ్రాఫ్ట్‌లో 62వ రౌండు దాకా అతన్ని అడిగినవాళ్ళు లేరు. అప్పటికే 1,389 మంది పేర్లు అయిపోయాయి. తండ్రికి స్నేహితుడైన తమ మేనేజర్ టామీ లసోర్డా మాట మన్నించి డాడ్జర్స్ జట్టు అతన్ని తీసుకుంది. క్యాచర్‌గా ఆడుతూ పియాజా కొట్టినన్ని హోమ్ రన్లు ఇప్పటికీ ఇంకెవరూ కొట్టలేదు.

ఈ కథ విన్న వెంటనే, జట్ల కోసం ఆటగాళ్ళను వెతికే స్కౌట్లకు కళ్ళు లేవని తీర్పు చెప్పేయడం సులువు. నేను ఆ మాట ఒప్పుకోను. వాళ్ళ ముందున్న ప్రశ్న ఎంత కష్టమైనదో చూడండి: పదిహేడేళ్ళ కుర్రాడు ఈ రోజు ఎలా ఆడుతున్నాడన్నది కాదు, ఇరవై అయిదేళ్ళప్పుడు ప్రపంచంలోని అత్యుత్తమ లీగ్‌లో ఎలా ఆడతాడన్నది. మధ్యలో ఎనిమిదేళ్ళు, మైనర్ లీగ్‌లలో నాలుగైదు మెట్లు, గాయాలు, ఇంటి బెంగ, ఎదిగే ఒళ్ళు. ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ అమెరికా స్కౌట్లు తరతరాలుగా ఒక పద్ధతిని పోగు చేసుకుంటూ వచ్చారు. ఆటగాడి నైపుణ్యాన్ని కొలవడంలో ఇంత నిజాయితీ ఉన్న పద్ధతిని ఇంకో ఆటలో నేను చూడలేదు.

దాని గుండెకాయ 20 నుంచి 80 వరకు ఉండే కొలమానం. మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడు 50. అక్కడి నుంచి పైకి మూడు మెట్లు, కిందికి మూడు మెట్లు. ఒక్కో మెట్టు పది. సంఖ్యాశాస్త్రం తెలిసినవాళ్ళకు ఇందులో ప్రామాణిక విచలనం కనిపిస్తుంది. దీన్ని బ్రాంచ్ రికీ పేరుతో ముడిపెట్టి చెబుతారు. జాకీ రాబిన్సన్‌ను డాడ్జర్స్‌లోకి తెచ్చి ఆటలో వర్ణ వివక్ష గోడ కూల్చిన జనరల్ మేనేజర్ ఆయనే. మన ఇళ్ళలో 50 మార్కులంటే ముఖాలు మాడిపోతాయి కానీ, ఇక్కడ ఆ 50 అంటే మేజర్ లీగ్‌లో నిలబడి ఆడేవాడని అర్థం. 80 అన్న అంకెను స్కౌట్లు చాలా అరుదుగా రాస్తారు. చేతికి వచ్చినట్టు 80లు వేసే స్కౌట్ మాటను జట్టు ఆఫీసులో లెక్కచేయరు.

బ్యాటర్లలో అయిదు విషయాలు చూస్తారు. వాటిని టూల్స్ అంటారు: బంతిని తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, విసురు. వీటిలో కొన్నిటికి గడియారం చాలు. హోమ్ ప్లేట్ నుంచి మొదటి బేస్‌కు 90 అడుగులు. బ్యాటుకు బంతి తగిలిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కి, కాలు బేస్‌ను తాకగానే ఆపుతారు. కుడిచేతి బ్యాటర్‌కు 4.3 సెకన్లంటే 50. 4.2 అంటే 60. 4.0లో చేరితే 80. ఎడమచేతి బ్యాటర్ మొదటి బేస్‌కు కాస్త దగ్గరగా నిలబడతాడు కాబట్టి అతనికి సెకనులో పదో వంతు తగ్గించి లెక్క కడతారు. క్యాచర్ సంగతీ ఇంతే. బంతి అతని గ్లవ్‌లో పడ్డప్పటి నుంచి రెండో బేస్‌లో ఫీల్డర్ చేతికి చేరేదాకా రెండు సెకన్లు పడితే సగటు. దూరం 127 అడుగులు. ఆ రెండు సెకన్లలో లేవాలి, పాదాలు సర్దుకోవాలి, విసరాలి. అంత కాస్త సమయంలో పదో వంతు మిగిల్చినా అది పెద్ద సొత్తే.

అన్నిటికంటే కష్టం బంతిని తగిలించే నేర్పును కొలవడం. గంటకు 95 మైళ్ళ, అంటే సుమారు 153 కిలోమీటర్ల ఫాస్ట్‌బాల్ పిచర్ చేయి వదిలాక దాదాపు 0.4 సెకన్లలో ప్లేట్ దగ్గరికొస్తుంది. స్కూలు మైదానంలో అంత వేగం వేసే పిచర్లు ఎంతమంది దొరుకుతారు? కుర్రాడు 80 మైళ్ళ బంతుల్ని బాదుతుంటే చూసి, 95 మైళ్ళ బంతిని ఏం చేస్తాడో ఊహించాలి. అందుకే మంచి స్కౌట్ స్కోరు కంటే ముందు చేతుల దారి చూస్తాడు. తల కదులుతోందా, బ్యాటు తిన్నగా బంతి మీదికే పోతోందా, ఒకసారి కర్వ్‌బాల్‌కు మోసపోయినవాడు రెండోసారి అదే బంతికి ఏం చేస్తున్నాడు? ఈ చివరి ప్రశ్నకు నేను చాలా విలువిస్తాను. తప్పిన బంతి తరవాత బంతిలోనే కుర్రాడి బుర్ర కనిపిస్తుంది.

బ్యాటు కూడా మోసం చేస్తుంది. అమెరికా కాలేజీల్లో అల్యూమినియం బ్యాట్లు వాడతారు, మేజర్ లీగ్‌లో చెక్క తప్ప ఇంకొకటి కుదరదు. అందుకే వేసవిలో స్కౌట్లు మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్‌కు బయల్దేరతారు. అక్కడ కాలేజీ కుర్రాళ్ళు చెక్క బ్యాట్లతో ఆడతారు. చెక్కకు తగిలిన బంతి చప్పుడుకు చెవి ఒగ్గడం కూడా ఈ వృత్తిలో భాగమే. నీగ్రో లీగ్స్‌లో కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కు ఆడి, ఆ తరవాత కబ్స్ జట్టు స్కౌట్‌గా లూ బ్రాక్‌ను పట్టుకొచ్చిన బక్ ఓనీల్, బ్యాటు నుంచి వచ్చే ఒక ప్రత్యేకమైన శబ్దాన్ని జీవితంలో మూడే మూడుసార్లు విన్నానని చెప్పేవారు. బేబ్ రూత్ దగ్గర, జాష్ గిబ్సన్ దగ్గర, చివరికి బో జాక్సన్ దగ్గర. బంతి బ్యాటును వదిలే వేగాన్ని ఇప్పుడు రాడార్ మైళ్ళలో చెబుతుంది. ఆయన చెవి చేసిన పని కూడా అదేనని నా నమ్మకం.

తగిలించే నేర్పును తప్పుగా అంచనా వేస్తే ఏమవుతుందో బిల్లీ బీన్ జీవితం చెబుతుంది. 1980లో మెట్స్ జట్టు అతన్ని మొదటి రౌండులోనే తీసుకుంది. ఎత్తు, పరుగు, బలం, విసురు అన్నీ కంటికి ఇంపుగా కనిపించాయి. మేజర్ లీగ్‌లో అతను ఆడింది 148 ఆటలు, సగటు .219. ఆ తరవాత అతను ఆట వదిలి స్కౌట్ అయ్యాడు, ఓక్లాండ్ జట్టు జనరల్ మేనేజర్ అయ్యాడు. కుర్రాడి ఆకారం కంటే అతను బేస్‌కు ఎన్నిసార్లు చేరాడన్న లెక్కకు విలువిచ్చే జట్టును నిలబెట్టాడు. 2003లో వచ్చిన ‘మనీబాల్’ పుస్తకం ఆ కథే.

ఇక అసలు సంగతి. స్కౌట్ రిపోర్టులో ఒక్కో టూల్‌కు ఒక అంకె సరిపోదు. పక్కపక్కనే రెండు వేయాలి: ఇప్పుడు ఎంత, మున్ముందు ఎంత. బలం ఇప్పుడు 30, మున్ముందు 60. పరుగు ఇప్పుడు 60, మున్ముందు 50, ఎందుకంటే ఒళ్ళు బరువెక్కుతుంది. మామిడి తోటను పూత మీదే కొనే బేరగాడు చేసే పని ఇలాంటిదే. కొమ్మ మీద కాయ ఒక్కటి లేకపోయినా చెట్టు వయసు, నేల, పూత తీరు చూసి ధర కడతాడు. ఈదురుగాలి వస్తే నష్టం అతనిదే. స్కౌట్ కుర్రాడి మణికట్టు, భుజాల వెడల్పు చూస్తాడు, వీలైతే తండ్రి ఎత్తు, అన్నల ఒడ్డూ పొడుగూ కూడా చూస్తాడు. రెండో అంకె కింద తన పేరు ఉంటుంది. పదేళ్ళ తరవాత ఎవరైనా ఆ కాగితం తీసి అడగవచ్చు. నిజంగానే 2013లో హాల్ ఆఫ్ ఫేమ్ వేల కొద్దీ పాత స్కౌటింగ్ రిపోర్టులను అందరూ చదివేలా బయటపెట్టింది. తప్పులూ ఒప్పులూ అలాగే ఉన్నాయి. తన ఊహను అంకెలో రాసి, సంతకం పెట్టి, లోకం ముందు నిలబెట్టే ధైర్యం ఎన్ని వృత్తుల్లో కనిపిస్తుంది?

ఒడ్డూ పొడుగూ చూసే అలవాటుకు తగిలిన పెద్ద దెబ్బ హోసే అల్టూవే. వెనిజులాలోని మరకాయ్‌లో ఆస్ట్రోస్ జట్టు పెట్టిన శిబిరం నుంచి ఆ కుర్రాడిని మరీ పొట్టిగా ఉన్నాడని పంపేశారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. 2007లో 15,000 డాలర్లకు ఒప్పందం కుదిరింది. అయిదడుగుల ఆరంగుళాల ఆ మనిషి 2017లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. మర్నాడు మళ్ళీ వచ్చిన ఆ పట్టుదల ఏ స్టాప్‌వాచ్‌కూ అందదు. స్కౌట్లు దాన్ని మేకప్ అంటారు. దాని కోసమే కుర్రాడి టీచర్లతో, కోచ్‌లతో, ఇంట్లోవాళ్ళతో మాట్లాడతారు.

లాటిన్ అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా పిల్లలు పదహారేళ్ళకే ఒప్పందం మీద సంతకం పెట్టవచ్చు. నోటి మాట ఒప్పందాలు అంతకంటే ఎంతో ముందే, పన్నెండు పదమూడేళ్ళ పిల్లలతో జరిగిపోతున్నాయని అమెరికా పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. ఆ వయసులో రెండో అంకెకు విలువేముంటుంది? అది కొలత కాదు, పిల్లవాడి మీద పందెం. ఈ సంప్రదాయాన్ని ప్రేమించే నాకు ఇందులో మింగుడుపడనిది ఇదే.

మొదటి అంకె, అంటే ఇప్పటి కొలత, మాత్రం మనిషి చేతిలోంచి యంత్రం చేతిలోకి వెళ్ళిపోయింది. 1970లలో మిషిగన్ స్టేట్ కోచ్ డానీ లిట్‌వైలర్, పోలీసులు కార్ల వేగం కొలిచే రాడార్‌ను చూసి దాన్ని పిచింగ్‌కు తెచ్చారు. 2015లో మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థ వచ్చింది. 2020 నుంచి దాని వెనక హాక్‌ఐ కెమెరాలున్నాయి. క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ రివ్యూ అప్పుడు మనం చూసే హాక్‌ఐయే. బంతి ఎన్నిసార్లు తిరిగింది, ఎంత వంగింది, బ్యాటును ఎంత వేగంతో వదిలింది, అన్నీ తెలుస్తాయి. కానీ యంత్రం చెప్పేది జరిగిన బంతి గురించి.

జరిగిన బంతిని మాత్రమే నమ్మితే ఏం దక్కుతుందో మన దేశంలోనే ఒక ప్రయోగం జరిగింది. 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పేరుతో భారత్‌లో పోటీ పెట్టారు. బేస్‌బాల్ తెలియనక్కర్లేదు, గురి చూసి వేగంగా విసిరితే చాలు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేష్ పటేల్ మొదటి రెండు స్థానాల్లో నిలిచారు. రింకూ బంతి 87 మైళ్ళు తాకింది. లాస్ ఏంజెలెస్‌లో పిచింగ్ కోచ్ టామ్ హౌస్ దగ్గర శిక్షణ పొంది, ఏడాది తిరగకముందే పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ తెగువకు నేను చేతులెత్తి మొక్కుతాను. దినేష్ 2010లో వెనక్కి వచ్చాడు. రింకూ మైనర్ లీగ్‌లలో సింగిల్ ఏ స్థాయి దాకా ఎక్కాడు, ఆపైన గాయాలు ఆపేశాయి. చేతిలో వేగం ఉంది. పదేళ్ళ వయసు నుంచి పెరటిలో బంతి విసురుతూ, బ్యాటర్ మనసు చదువుతూ పెరిగిన అనుభవాన్ని ఏ శిక్షణా కొద్ది నెలల్లో ఇవ్వలేదు.

వేగం మీద ఈ మోజు అమెరికా పిల్లల్ని కూడా వదల్లేదు. 2008 ప్రాంతంలో మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్ సగటు 92 మైళ్ళ చుట్టూ ఉండేది, ఇప్పుడది 94 దాటింది. అంటే నిన్నటి 60 నేటి 50. రాడార్ గన్ ముందు నిలబడే స్కూలు కుర్రాడు ఆ అంకె కోసం ఒంట్లో బలమంతా మోచేతి మీద పెడతాడు. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ బయటపెట్టిన నివేదిక కూడా గాయాలు పెరగడానికి వేగం వెంట పడటాన్ని ముఖ్య కారణంగా చూపింది. అమెరికాలో పిల్లల్ని బేస్‌బాల్‌కు పంపే తెలుగు తల్లిదండ్రులూ ఉన్నారు. పద్నాలుగేళ్ళ పిల్లవాడి మైళ్ళ లెక్క అడిగేముందు ఈ వారం ఎన్ని బంతులు వేశాడో అడగండి.

తల్లి వైపు తాతా అమ్మమ్మలు భారత్ నుంచి వెళ్ళిన కుమార్ రాకర్ కథలో ఈ దారులన్నీ కలుస్తాయి. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి ఆడుతూ 2019 జూన్‌లో డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు. 2021లో మెట్స్ అతన్ని పదో స్థానంలో పిలిచారు, వైద్య పరీక్షల తరవాత చేతి మీద అనుమానంతో ఒప్పందం మానుకున్నారు. అతను ఏ మేజర్ లీగ్ జట్టుకూ చెందని చిన్న లీగ్‌లో ఆడాడు. 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలోనే పిలిచారు. 2023లో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స అయింది. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో తొలి మేజర్ లీగ్ ఆట ఆడాడు. నాలుగు ఇన్నింగ్స్ వేసి ఏడుగురిని స్ట్రైకవుట్ చేశాడు. అనుమానపడ్డవాళ్ళకు మోచేయి సాక్ష్యం చెప్పింది, నమ్మినవాళ్ళకు ఆ రోజు సాక్ష్యం చెప్పింది. అతని పేరు పక్కన రెండో అంకెను స్కౌట్లు ఇంకా దిద్దుతూనే ఉన్నారు.