డ్రమ్ లెవెల్

బాయిలర్ దగ్గర పని అనగానే అందరూ నిప్పు గురించే అడుగుతారు. షిఫ్టులో ఉన్నవాడి దిగులంతా నీళ్ల మీదే. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, లాట్రోబ్ లోయకు వచ్చాక నాకా దిగులు రెండింతలైంది. ఇక్కడ బొగ్గులోనూ నీళ్లే!

లాయ్ యాంగ్, యాలోర్న్ ప్లాంట్లకు పక్క గనుల నుంచి వచ్చే లిగ్నైట్ బరువులో 60 శాతానికి పైగా తేమ. సింగరేణి బొగ్గులా వేడిగాలితో ఆరబెట్టి ఊదుదామంటే కుదరదు. ఫర్నేస్ పైభాగం నుంచి సుమారు 1000 డిగ్రీల పొగను బొగ్గు పొడిచేసే మిల్లులోకి లాగి దాంతో ఆరబెట్టాలి. ఆ తేమంతా మళ్లీ ఫర్నేస్‌లోకే పోతుంది. అందుకే విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ యూనిట్లు చూసిన కంటికి ఇక్కడి ఫర్నేస్ ఇంత పెద్దదెందుకా అనిపిస్తుంది.

అసలు పరీక్ష డ్రమ్ దగ్గర, అంటే నీళ్ల నుంచి ఆవిరి విడివడే పాత్ర దగ్గర. గ్రిడ్ ఒక్కసారిగా లోడ్ అడిగితే టర్బైన్ ఆవిరిని గుంజుకుంటుంది, డ్రమ్‌లో ప్రెషర్ పడిపోతుంది, నీళ్లలోని బుడగలు ఉబ్బుతాయి. స్క్రీన్ మీద లెవెల్ ఎక్కుతూ ఉంటుంది, లోపల నీళ్లు తగ్గిపోతూ ఉంటాయి. పొయ్యి మీద పాలు పొంగితే గిన్నెలో పాలు పెరిగాయని ఎవరూ అనుకోరు కదా. ఇక్కడ అలా అనుకుని నీళ్లు పంపే ఫీడ్ వాల్వ్ మూశారో, బుడగలు సర్దుకోగానే లెవెల్ దబ్బున పడుతుంది. నీళ్లందని ట్యూబులు వేడెక్కి పగులుతాయి. అలాగని ఎక్కువ పోస్తే నీళ్లు ఆవిరితో కలిసి టర్బైన్ మీదకు పోతాయి. అందుకే లెవెల్‌తో పాటు పోయే ఆవిరినీ వచ్చే నీళ్లనూ కలిపి చూసే త్రీ ఎలిమెంట్ కంట్రోల్ పెట్టారు. బాయిలర్ వెలిగించే లైటప్ వేళ, తక్కువ లోడ్‌లో ఆ ఫ్లో కొలతలను నమ్మలేం. అప్పుడు మనిషి కళ్లే గతి.

క్వీన్స్‌లాండ్‌లో 2007లో మొదలైన 750 మెగావాట్ల కోగన్ క్రీక్ సూపర్‌క్రిటికల్ యూనిట్‌కు డ్రమ్మే లేదు. హాయి కదా అంటారు కొందరు. నిల్వ నీళ్లు లేనిచోట బొగ్గుకూ నీళ్లకూ లెక్క తప్పితే ఎంత హాయో నడిపేవాళ్లను అడగాలి.

ఇప్పుడు ఇళ్ల కప్పుల మీది సోలార్ వల్ల మా లోయ ప్లాంట్లలో మధ్యాహ్నం లోడ్ దించి, పొద్దు వాలాక మళ్లీ ఎక్కించాల్సి వస్తోంది. ఒకే లోడ్‌తో నడవడానికి కట్టిన బాయిలర్లివి. దించి ఎక్కించిన ప్రతిసారీ మందపాటి డ్రమ్ గోడలో లోపలికీ బయటికీ వేడి తేడా, లోహానికి అలసట. యాలోర్న్‌ను 2028లో మూసేస్తారట. మూసే ప్లాంటే కదా అని ట్యూబుల తనిఖీలో చెయ్యి బిగిస్తే మాత్రం నేనొప్పుకోను.