బాలిభాషయందలి క్రియాపదములు: అర్థనిర్ణయము

ఇండోనీషియాలోని బాలిద్వీపపు భాష నభ్యసించువారికై కూర్చెడి చిన్న పదపట్టికలలో నొక దోషము తఱచుగాఁ గానవచ్చును. ఒకవైపున క్రియాపదమును, దాని కెదుట నొక్క యర్థమును వ్రాసి పని ముగిసినదని తలఁతురు. 'ఙజెఙ్' అనఁగా తినుట. 'ఙమహ్' అనఁగా తినుట. 'నునస్' అనఁగాను తినుటయే. ఇట్టి పట్టికను జూచినవారికి నివి యమరకోశమునందలి పర్యాయములవలె నొకదానికి మాఱుగా నింకొకటి వాడఁదగినవని తోఁచును. అది పొరపాటు.

బాలిభాషలో క్రియ యొక్కటియే యైనను కర్త యెవఁడన్నదానినిబట్టి పదము మాఱును. చనవుగలవారిలో తినుట 'నఅర్'. మర్యాదతోఁ బలుకునపుడు 'ఙజెఙ్'. పూజ్యుఁడు భుజించినచో 'ఙ్రయునఙ్'. వక్త తన భోజనమునే వినయముతోఁ జెప్పునపుడు 'నునస్'. 'ఙమహ్' పశువులకుఁ జెల్లును. మనుష్యునియెడ వాడినచో తిట్టగును. 'నునస్' అనుదానికి యాచించుట యనియు నర్థము కలదు. పట్టికను నమ్మి యెవఁడైనను తన భోజనమును 'ఙ్రయునఙ్' అని చెప్పెనేని వాక్యము చెడదు గాని, వాఁడు తన్నుఁ దానే పూజించుకొన్నవాఁడగును. అపశబ్దముకంటె నిది హాస్యాస్పదము.

ఇచ్చుట యను క్రియయందు కర్తను మాత్రము చూచినఁ జాలదు, సంప్రదానమునుగూడఁ జూడవలెను. సాధారణపదము 'బఅఙ్'. పెద్దవాఁడు చిన్నవానికి నిచ్చినచో 'ఙిచెన్'. చిన్నవాఁడు పెద్దవానికి సమర్పించినచో 'ఙతురఙ్'. దేవతలకు నైవేద్యమర్పించుటయు నీ కడపటి పదముచేతనే చెప్పఁబడును. కారకజ్ఞానము లేక యిచట ధాత్వర్థము పూర్ణము కాదు.

తెలుఁగునందును తినుట, భోజనము చేయుట, ఆరగించుట యను భేదములు లేవా యని యాక్షేపింపవచ్చును. కలవు. కాని తెలుఁగున గౌరవమును ముఖ్యముగా ప్రత్యయమే తెలుపును. 'తింటివి', 'తింటిరి' అనుచోట ధాతువు మాఱలేదు. బాలిభాషలో క్రియకు పురుషవచనప్రత్యయములు లేవు. పదమునే మార్చి గౌరవమును జూపుదురు. తెలుఁగున నలంకారప్రాయమైన భేద మచట నావశ్యకమైనది.

ఇంకొక చిక్కు రూపమునందుఁ గలదు. కర్తృప్రధానవాక్యమున ధాతువు మొదటి స్పర్శము తన వర్గపంచమమగును. 'దఅర్' నఅర్ అగును. 'తునస్' నునస్ అగును. తీసికొనుట యను 'జెమక్' ఞెమక్ అగును. కొనుట యను 'బెలి' మెలి యగును. అజాదిధాతువునకు ఙకారము ముందు చేరును: 'అజెఙ్' ఙజెఙ్ అగును. తకారదకారములు రెండును నకారమే యగుటచే నకారాదిపదమును జూచి మూలము నెఱుఁగుట సులభము గాదు. పూజ్యుల మరణమును జెప్పు 'నేవత' దీనికిఁ దార్కాణము. అది 'దేవత' శబ్దమునుండి పుట్టినది. దేవతాత్వము పొందుట యని భావము. వినయముతోఁ జెప్పునపుడు మరణము 'పదెమ్'. జంతువులయెడను, మనుష్యుని నిందించుచోటను 'బఙ్క'.

సామాన్యమరణమునకు 'మతి' యను పదము. సంస్కృతజ్ఞుఁడు దీనిని జూచి బుద్ధియని భ్రమించును. ఈ రెంటికిని సంబంధము లేదు. నిజముగా సంస్కృతమునుండి వచ్చిన 'సూక్ష్మ' శబ్దము 'సుక్స్మ' యను రూపమున నచట కృతజ్ఞతను దెలుపును. కావున శబ్దసామ్యము నర్థప్రమాణముగాఁ గొనరాదు, ప్రయోగమే ప్రమాణము.

వాన్ డెర్ టూక్ పండితుఁడు 1870 మొదలుకొని బాలిద్వీపమున వసించి, కవిభాషయనెడి ప్రాచీనజావాభాషకును బాలిభాషకును డచ్చిభాషలో నిఘంటువు కూర్చెను. ఆయన 1894లో మరణించిన పిదప నది 1897–1912 సంవత్సరముల నడుమ నాలుగు సంపుటములుగా వెలువడినది. కాఁబట్టి పదసేకరణమునకుఁ గొఱఁత లేదు. కొఱఁత చిన్నపట్టికల యర్థవివరణమునందే కలదు. ప్రతిక్రియకును మూలధాతువేది, కర్త యెట్టివాఁడు, గ్రహీత యెట్టివాఁడు, వక్త తన్నుఁగూర్చి పలుకుచున్నాఁడా పరునిగూర్చి పలుకుచున్నాఁడా యను నాలుగంశములను జెప్పినపుడే యర్థము చెప్పినట్లగును. అంతవఱకు నవి పదముల జాబితాలే కాని నిఘంటువులు కావు.