ఇంటర్నెట్టు లెక్కలు – పాలమూరు మూడు జిల్లాలు

ప్రపంచమున 2005లో నూటికి 16 మంది ఇంటర్నెట్టు వాడుచుండగా 2024 నాటికి ఆ సంఖ్య 68కి చేరినదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంస్థ ఆ ఏట అంచనా వేసినది. దేశములను వరుసగా నిలిపి, ఏటేట పైకెక్కు గీతలను చూపు పట్టికలు చూచుటకు ముచ్చటగానే ఉండును. ఐతే ఇందు “వాడుట” అనగా ఏమి?

గడచిన మూడు నెలలలో, ఎక్కడనుండియైనను, ఒక్కసారి వాడినను చాలునని ఆ సంస్థ నిర్వచనము. పొరుగువాని ఫోనులో పరీక్షాఫలితము చూచుకొన్న బాలుడును, దినమంతయు దానిపైననే పనిచేయు గుమాస్తాయు ఇందు సమానులు! మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రశ్న మరింత వదులు: ఎన్నడైనను వాడితిరా అని మాత్రమే. అంత వదులు ప్రశ్నకే 2019–21లో తెలంగాణ పురుషులలో నూటికి సుమారు 57 మంది ఔననగా, స్త్రీలలో ఔనన్నవారు అందులో సగమునకు లోపు. మొత్తము గీత ఈ అంతరమును మ్రింగివేయును.

ట్రాయ్ సంస్థ లెక్కించునది మనుష్యులను కాదు, కనెక్షన్లను. రెండు సిమ్ములవాడు ఇద్దరగును. ఒకే ఫోనుతో గడుపుకొను ఐదుగురి కుటుంబము ఒక్కటియే. పైగా ఆ నివేదికలలో తెలుగు రాష్ట్రములు రెండును ఒకే సర్కిలు. హైదరాబాదు, విశాఖల నడుమ గద్వాల ఎక్కడ కనబడును? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు మహబూబ్‌నగరునుండి వేరుపడినది 2016 అక్టోబరు 11న. జియో చౌక డేటా వచ్చినది అంతకు నెల ముందు. కనుక అంతకు పూర్వపు పెరుగుదలకు ఈ జిల్లాల పేరిట లెక్కయే లేదు.

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడిపాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా మొదలైనవి. ఇంటింట ఇంటర్నెట్టు ఉండియున్నచో టెలివిజను అక్కఱ అంతగా వచ్చెడిది కాదు. ఏ పట్టికకంటెను ఇది నమ్మదగిన సాక్ష్యము.

భారత్‌నెట్ పథకము మొదట తీగను గ్రామపంచాయతి వరకు తెచ్చుటకు ఉద్దేశించినది. అమ్రాబాదు అడవులలో పంచాయతినుండి చెంచుపెంటకు గల దూరము ఆ లెక్కలోనికి రాదు. రేడియో తరంగములకు కొండ అడ్డుపడిన చోట టవరు దగ్గరనున్నను ఫలము స్వల్పమే. గద్వాల ప్రాంతమున 2011 జనాభా లెక్కలనాటికి అక్షరాస్యులు సుమారు సగమే. అక్షరము రాని వానికి పాటయు బొమ్మయు అందును గాని, పింఛను దరఖాస్తు నింపుటకు మరొకరి సాయము కావలసినదే.

పట్టికలో వాడుకరుల సంఖ్య ప్రక్కన ఇంకొక గడి ఉండవలెను. దానిని నింపుటకు పెద్ద యంత్రాంగము అక్కఱలేదు. తొమ్మిదవ తరగతి ఉపాధ్యాయుడు ఒక పీరియడులో అడుగగలడు: ఇంటిలోని ఫోను ఎవరిది? దానిలో డేటా నెలలో ఎన్ని దినములు ఉండును? సాయంత్రము అది అన్న చేతిలోనా, చెల్లెలి చేతిలోనా?